తలుపు బయట ఇరవై నిమిషాలు

అమ్మ మణికట్టు మీద కమిలిన మచ్చ చూసి డాక్టరు నాతో, "మీరు కాసేపు బయట కూర్చోండి" అన్నారు. మతిమరుపు జబ్బున్న అమ్మకు మూడేళ్లుగా ఒక్క మాత్ర తప్పనివ్వని మనిషిని నేను. నన్నే బయటికి పంపారు.

అంతకుముందు జరిగిన బరువు, బీపీ, రక్తపరీక్షల గురించి చెప్పడానికేమీ లేదు. ఆ వరండాలో కూర్చున్న ఇరవై నిమిషాలే ఇంకా మింగుడుపడలేదు. ఎదుటి గోడ మీద పోస్టరు: 60 ఏళ్లు దాటిన ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక వేధింపుకు గురవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. లోపల అమ్మ ఏం చెబుతోందో! ఒక్కోసారి నన్నే "నువ్వెవరమ్మా" అంటుంది. ఇంతలో నర్సు వచ్చి, "ఆవిడ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది?" అని అడిగింది. అడగడం తప్పు కాదు. పదిమంది వినేలా అడగడం తప్పు. ఈ మాట ఇప్పటికీ అంటాను.

లేచి వచ్చేద్దామనుకున్నాను, కాళ్లు రాలేదు. ఆ మచ్చ నా వేళ్లదే. ముందురోజు సాయంత్రం "ఇంటికి పోతాను" అంటూ అమ్మ ఏడోసారి గడియ తీయబోతుంటే చేయి పట్టి లాగాను. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లకు కాస్త నొక్కినా కమిలిపోతుందని నర్సుకు చెప్పాను. నిజమే, కానీ మాత్రల చాటున దాక్కున్నాను. కాసేపటికి లాగిన సంగతీ చెప్పేశాను.

ఆమె కేకలు వేయలేదు. సంరక్షకుల భారాన్ని కొలిచే 22 ప్రశ్నల జారిట్ పత్రం ఇచ్చింది. 88కి నాకు 58 వచ్చింది. అమ్మకు ఈ కంగారు వారంలోనే పెరిగిందంటే మూత్రపరీక్ష కూడా చేయించారు. ఇన్‌ఫెక్షన్ బయటపడింది. మందు వేశాక అమ్మ నెమ్మదించింది. నేనేమో మొండితనమనుకుని వారమంతా అరిచాను. హఠాత్తుగా మనిషి మారితే జబ్బు ముదిరిందని మీరే తేల్చేయకండి, ముందు పరీక్ష చేయించండి.

"అమ్మ జాగ్రత్త అక్కా" అని వారానికోసారి ఫోనులో సలహాలిచ్చే తమ్ముడికి ఆ రాత్రే పత్రం ఫొటో పంపాను. ఇప్పుడు శని, ఆదివారాలు అమ్మ వాడి దగ్గరే. మొదటి శనివారం సాయంత్రం ఆరున్నరకే ఫోను: "అక్కా, తలుపు దగ్గర్నుంచి కదలడం లేదు, ఏం చేయను?"

"లాగకు. తనతో పాటు నాలుగడుగులు బయట నడిచి, మాటల్లో పెట్టి వెనక్కి తీసుకురా" అని చెప్పి ఫోను పెట్టేసి పడుకున్నాను.