ఫెవికాల్‌లో చెట్టు

ఆదివారం. పొద్దున్నుంచీ వంటింటి కప్‌బోర్డులకు సన్‌మైకా పని. పదిన్నరకి టీ పట్టుకెళ్లేసరికి, పక్కకు జరిగిన ఒక ముక్కను మేస్త్రీ గారు మెల్లగా పైకి లేపుతున్నారు. అక్కడే నిలబడిపోయాను. ప్లైవుడ్ మీద తెల్లటి చెట్టు! అంచుల్లో సన్నటి రెమ్మలు, లోపలికి వచ్చేకొద్దీ ఒకదాంట్లో ఒకటి కలిసి మధ్యలో లావుపాటి కాండం. సన్‌మైకా వెనక కూడా అదే బొమ్మ, అద్దంలో చూసినట్టు.

"పచ్చిగా ఉన్నప్పుడు పీకితే ఎప్పుడూ ఇలాగే వస్తుందండి," అన్నారాయన.

నేను పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. దీని పేరు విస్కస్ ఫింగరింగ్: పల్చటిది చిక్కటిదాన్ని తోస్తే, సమంగా కదలకుండా వేళ్లలా చీలి చొచ్చుకుపోవడం. తెలుగులో వేళ్లంటే చేతివేళ్లూ అవుతాయి, చెట్టువేళ్లూ అవుతాయి. ఇక్కడ రెండూ నప్పుతాయి. ముక్క లేపగానే అంచుల్లోంచి గాలి లోపలికి దూరుతుంది. ఒకచోట రవ్వంత ముందుకు పొడుచుకొచ్చిందా, అక్కడ ఎదురుగా మిగిలిన జిగురు తగ్గిపోతుంది. అడ్డు తగ్గింది కాబట్టి గాలి అక్కడే ఇంకా జోరుగా వెళ్తుంది. పక్క పాయలు వెనకబడి ఆగిపోతాయి. వాటి మధ్య మిగిలిన జిగురు గట్లే ఆ కొమ్మలు. వేళ్లు మరీ వెంట్రుకల్లా చీలిపోకుండా తలతన్యత, అంటే ద్రవం పైపొర బిగువు, ఆపుతుంది.

1952లో హిల్ అనే ఆయన దీన్ని చక్కెర శుద్ధిలో గమనించాడు. బొగ్గు నింపిన గొట్టాల్లోని పాకాన్ని నీళ్లతో తోస్తే, నీళ్లు సమంగా దిగకుండా పాయలు చేసుకుని పోయేవి. 1958లో శాఫ్‌మన్, టేలర్ అనే శాస్త్రవేత్తలు దానికి లెక్క కట్టారు. చమురు బావుల్లోనూ ఇదే బాధ: నూనెను తోయమని పంపిన నీళ్లు దాన్ని దాటుకుని ముందే బయటికొచ్చేస్తాయి. అందుకే కొన్నిచోట్ల ఆ నీళ్లలో పాలిమర్ కలిపి చిక్కబరుస్తారు.

ఇంత చెప్పాక చూపించకుండా ఎలా ఉంటాను? పాత ఫొటోఫ్రేమ్ అక్రిలిక్ షీటుకి మేస్త్రీ గారి చేతే డ్రిల్లుతో నడుమ చిన్న చిల్లు పెట్టించాను. కింద గాజు పలక, నాలుగు మూలలా పల్చటి అట్ట ముక్కలు, మధ్యలో గ్లిసరిన్. సిరంజితో ఇంకు నీళ్లు ఎక్కించగానే నీలం పువ్వు విచ్చుకుంది. ఒక్కో రేక కొస మళ్లీ రెండుగా చీలింది.

తర్వాత కడిగేసి, ఈసారి మధ్యలో నీళ్లు నింపి, రంగు కలిపిన గ్లిసరిన్ ఎక్కించాను. ఒక్క వేలూ రాలేదు. బొట్టుబిళ్లలా గుండ్రంగా పెరిగింది. చిక్కటిది పల్చటిదాన్ని తోస్తే, ముందుకొచ్చిన చోటే అడ్డు పెరిగి వెనక్కి సర్దుకుంటుంది. పాతికేళ్లుగా చెబుతున్న పాఠమే, అయినా ఆ గుండ్రాన్ని చూసి ఒళ్లు పులకరించింది.

"మళ్లీ ఒకసారి ఆ పువ్వు చూద్దామండి," అంటూ మేస్త్రీ గారు చేతులు తుడుచుకుని సిరంజి అందుకున్నారు. పని గంట ఆలస్యమైంది. పొద్దున్న పీకిన ముక్కను మాత్రం పారేయనివ్వలేదు. బీరువా మీద ఆరుతోంది.