పన్నెండేళ్లు నిండగానే లెక్క మొదలవుతుందా?

పాపానికి దేవుని ముందు పిల్లలు ఏ వయసు నుంచి జవాబుదారీ, బాప్తిస్మం ఎప్పుడు ఇప్పించాలి? విదేశాల్లో పెరిగే తెలుగు క్రైస్తవ పిల్లల చెవిన ఈ విషయంలో రెండు మాటలు పడతాయి. వీడియో కాల్‌లో నానమ్మ "ఇంకా బాప్తిస్మం ఇప్పించలేదేంట్రా, పిల్లకేమన్నా అయితే?" అంటుంది. ఆదివారం వెళ్లే చర్చిలో సండే స్కూల్ టీచర్ "పెద్దయ్యాక నువ్వే నిర్ణయించుకోవాలి" అంటుంది. ఇద్దరి వెనకా శతాబ్దాల వాదన ఉంది. పిల్లకు జవాబు చెప్పేముందు ఆ వాదన అమ్మానాన్నలకు తెలిసి ఉండాలి.

ఫలానా వయసు నుంచి పాపం లెక్కలోకి వస్తుందని బైబిల్ ఎక్కడా చెప్పదు. ఉన్నవి ఆనవాళ్లే. ద్వితీయోపదేశకాండం 1:39లో మంచిచెడ్డలెరుగని పిల్లలే వాగ్దాన దేశంలోకి వెళ్తారు. కీడును విసర్జించి మేలును కోరుకునే తెలివి పిల్లవాడికి రాకముందు అనే మాట యెషయా 7:16లో ఉంది. బిడ్డ చనిపోయాక దావీదు, వాడు నా దగ్గరికి రాడు, నేనే వాడి దగ్గరికి వెళ్తాను అంటాడు (2 సమూయేలు 12:23). పసిబిడ్డలు పరలోకంలో ఉంటారనడానికి బోధకులు తరచూ ఎత్తే వచనమిది. కానీ "నేనూ ఒకనాడు చనిపోతాను" అన్నంతవరకే దాని భావమని చెప్పే వ్యాఖ్యాతలూ ఉన్నారు. ఇంకోపక్క కీర్తన 51:5, రోమా 5:12 జన్మపాపం (పుట్టుకతోనే మనిషికి అంటిన పాపం) గురించి గట్టిగా మాట్లాడతాయి. ఈ రెండు రకాల వచనాలకు పొత్తు ఎలా కుదర్చాలన్నదే అసలు చిక్కు.

తొలి శతాబ్దాల వేదాంతి అగస్టీన్ కుదర్చిన పొత్తు కఠినమైనది: బాప్తిస్మం లేని శిశువుకూ శిక్ష తప్పదు, కాకపోతే అన్నిటికంటే తేలికైన శిక్ష. మధ్యయుగాల్లో దాన్ని మెత్తబరిచి 'లింబో' (బాధ లేని, అయినా దేవుని దర్శనం లేని చోటు) అన్నారు. అది ఏనాడూ కథోలిక విశ్వాస సిద్ధాంతం కాలేదు. 2007లో వాటికన్ అనుమతితో వెలువడిన వేదాంత పత్రం, అలాంటి శిశువులు రక్షణ పొందుతారని ఆశించడానికి బలమైన కారణాలున్నాయంది. ప్రెస్బిటేరియన్ల వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణం (1646) 'ఏర్పరచబడిన శిశువులు', అంటే దేవుడు ముందే ఎన్నుకున్నవారు, రక్షణ పొందుతారని ఊరుకుంటే, అమెరికా ప్రెస్బిటేరియన్లు 1903లో పసితనంలో చనిపోయేవారంతా ఆ ఏర్పాటులో ఉన్నవారేనని వివరణ ఇచ్చుకున్నారు. తూర్పు ఆర్థడాక్స్ సంఘాల దృష్టిలో ఆదాము నుంచి మనకొచ్చింది మరణమూ బలహీనతా, అతని అపరాధం కాదు. నానమ్మ భయం ఈ చరిత్ర నుంచి వచ్చిందే. కొట్టిపారేయకుండా, ఆ భయానికి ఇప్పుడు అంత ఆధారం లేదని ఆవిడకు నెమ్మదిగా చెప్పవచ్చు.

ఇక అంకెలు. కథోలిక సంఘ చట్టంలో ఏడేళ్లు నిండితే వివేకం వచ్చినట్టు లెక్క. 1910లో పదవ పయస్ పోప్ మొదటి సత్ప్రసాదాన్ని (కమ్యూనియన్) ఆ వయసు దగ్గరికి తెచ్చాడు. లేటర్ డే సెయింట్స్ (మోర్మన్లు) ఎనిమిది అంటారు. మన సంఘాల్లో వినిపించే పన్నెండుకు యేసు పన్నెండేళ్లప్పుడు దేవాలయానికి వెళ్లిన సంఘటన (లూకా 2:42), యూదు అబ్బాయి పదమూడేళ్లకు ధర్మశాస్త్రానికి బాధ్యుడవుతాడన్న లెక్క ఊతం. అరణ్యంలో సణిగినవారిలో ఇరవై ఏళ్లు, ఆపైబడినవారికే శిక్ష పడిన సంఖ్యాకాండం 14:29 చూపి ఇరవై అనేవాళ్లూ లేకపోలేదు! ఇన్ని అంకెలున్నాయంటేనే ఏ ఒక్కటీ ఖాయం కాదని తెలుస్తోంది.

ఆచరణలో దెబ్బతినేది ఇక్కడే. "ఊరెళ్లినప్పుడు ఇప్పిద్దాంలే" అని జ్ఞానస్నానం (బాప్తిస్మానికి కథోలికుల మాట) వాయిదా వేస్తూ పోతే, బిడ్డకు ఏడేళ్లు దాటాక కథోలిక విచారణలో (పారిష్‌లో) అది సెలవుల్లో అయిపోయే పని కాదు. పెద్దవాళ్లకు లాగే ముందు బోధ, తయారీ ఉంటాయి. పసితనంలోనే ఇప్పించినవారు సర్టిఫికెట్ భద్రంగా ఉంచుకోండి. నీళ్లతో, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామంలో ఇచ్చినదైతే చాలా సంఘాలు మళ్లీ ఇవ్వవు. బాప్టిస్టులు, బ్రదరెన్ దగ్గర మాత్రం శిశు బాప్తిస్మం సాధారణంగా చెల్లదు. సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), లూథరన్ నేపథ్యం ఉన్న కుటుంబం విదేశంలో అలాంటి సంఘంలో చేరితే, బిడ్డ రెండోసారి నీళ్లలో దిగుతుందన్న కబురు ఊళ్లో వాళ్లకు ఫేస్‌బుక్ ఫోటోల్లో తెలియకూడదు. ముందే ఫోన్ చేసి చెప్పాలి.

పుట్టిన బిడ్డ ప్రాణాపాయంలో ఉండి ఫాదర్ అందుబాటులో లేకపోతే నర్సయినా, తండ్రయినా జ్ఞానస్నానం ఇవ్వవచ్చు. త్రిత్వ నామం పలుకుతూ తలమీద నీళ్లు పోయాలి, తర్వాత విచారణలో నమోదు చేయించాలి. ప్రాణం పోయాక ఇవ్వరు, ప్రార్థనే చేస్తారు.

పెద్దయ్యాక ఇచ్చే సంఘాల్లో వచ్చే తంటా వేరు. సమ్మర్ క్యాంప్ చివరి రాత్రి పాటలు, కన్నీళ్లు, పక్కనున్న ఫ్రెండ్ చేయి ఎత్తింది కాబట్టి మన పిల్లా ఎత్తుతుంది. వారం తిరక్కుండా బాప్తిస్మం, పదహారేళ్లకు "అప్పుడు నాకేం తెలియదు" అన్న మాట. కొన్ని నెలలు ఆగితే పోయేదేమీ లేదు. "యేసు నీకోసం చనిపోయాడని నమ్ముతున్నావా?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. "ఎందుకు చనిపోవాల్సి వచ్చింది? నీ మాటల్లో చెప్పు" అనండి. కంఠతా పెట్టిన తెలుగు వచనం అప్పజెప్పడంతో సరిపెట్టుకోవద్దు. తమ్ముడితో ఏ భాషలో పోట్లాడుతుందో ఆ భాషలో అడగండి. పట్టుబడ్డాక చెప్పే సారీ వేరు, ఎవరూ చూడని తప్పును తనంతట తాను వచ్చి చెప్పుకోవడం వేరు. రెండోది కనిపిస్తోందంటే మనస్సాక్షి మేల్కొన్నట్టే. ఒక పిల్లకు ఆరేళ్లకే కనిపించవచ్చు, ఇంకొకరికి పదకొండుకూ కనిపించకపోవచ్చు.

కడుపులోనే పోయిన తమ్ముడి గురించి అడిగితే "దేవుడికి కావాలని తీసుకెళ్లాడు" అనకండి, "నిద్రపోయాడు" అని అసలే వద్దు. రేపు దేవుడు నన్నూ కావాలంటాడేమోనని, నిద్రపోతే లేవనేమోనని పిల్లలు రాత్రిళ్లు భయపడతారు. "చనిపోయాడు. యేసు చిన్నపిల్లల్ని నా దగ్గరికి రానివ్వండి అన్నాడు, మేం ఆయన్నే నమ్ముతున్నాం" అంటే చాలు. స్కూల్లో హిందూ ఫ్రెండ్ వాళ్ల చనిపోయిన పాపాయి గురించి పిల్ల అడిగినప్పుడే పెద్దలు తడబడతారు. నెదర్లాండ్స్‌లో రిఫార్మ్డ్ సంఘాలు రాసుకున్న డోర్ట్ నియమాలు (1618–19) విశ్వాసుల పిల్లల విషయంలోనే అనుమానం వద్దన్నాయి, మిగతావారి మాట ఎత్తలేదు. జవాబుదారీ వయసును నమ్మే బోధకుల్లో ఎక్కువమంది మాత్రం అమ్మానాన్నల మతంతో పనిలేకుండా శిశువులందరికీ ఒకే మాట చెప్తారు. మీ సంఘం ఏ పక్షమో పాస్టర్‌గారిని ముందే అడిగి ఉంచుకోండి.

మానసిక ఎదుగుదల తక్కువున్న బిడ్డల విషయంలో ఈ వయసులేవీ పనిచేయవు. ఎప్పటికీ వివేకం రానివారిని కథోలిక చట్టం శిశువులతో సమానంగా చూస్తుంది. పెద్దయ్యాకే బాప్తిస్మమిచ్చే సంఘాల్లో రాసిపెట్టిన నియమం ఉండకపోవచ్చు. బిడ్డ తోటివారంతా బాప్తిస్మపు క్లాసుకు వెళ్లే సంవత్సరం రాకముందే ఆ సంగతి పెద్దలతో మాట్లాడుకోవాలి.