చీకట్లో ఒప్పులకుప్ప
పోయిన శనివారం అనంతపురం దగ్గర మా ఊర్లో కరెంటు పోతే అందరం మిద్దె మీదికి చేరినాం. మా అక్క కూతురు, తొమ్మిదేండ్ల పిల్ల, చుక్కలు చూస్తా చూస్తా "చిన్నమ్మా, బ్లాక్ హోల్ కనపడదంటారే, మరి అది ఉందని ఎట్ల కనిపెట్టినారు?" అని అడిగింది. ఎంత మంచి ప్రశ్నో! బ్లాక్ హోల్ వెలుగును కూడా బయటికి పోనీయదు, అందుకే కనపడదు.

దాని చేతికి తిరునాళ్లలో కొన్న లైటు గాజు ఉంది. రా అని రెండు చేతులూ పట్టుకుని ఒప్పులకుప్ప తిప్పినా. ఇద్దరమూ తిరుగుతానే ఉన్నాం గానీ నేను బరువు కదా, ఉన్నచోటే చిన్నగా తిరిగినా, అది పెద్ద చుట్టు కొట్టింది. మెట్ల దగ్గర కూర్చున్న అక్కకి చీకట్లో నేను కనపడలేదంట, గాజు ఒక్కటే గిర్రున తిరగడం కనిపించిందంట. పిల్ల ఒక్కతే వెనక్కి వాలి అట్ల తిరగలేదు, పడిపోతాది, అంటే చేయి పట్టుకున్నోళ్లు ఉన్నట్టే.

2022లో గయా BH1 అనే బ్లాక్ హోల్‌ని పట్టింది ఇట్లనే. యూరప్ వాళ్ల గయా ఉపగ్రహం కోట్ల నక్షత్రాల చోటు కొలుస్తా ఉంటే, దాదాపు 1,560 కాంతి సంవత్సరాల దూరంలో మన సూర్యుడి లాంటి నక్షత్రం ఒకటి కొద్దికొద్దిగా ఊగుతా కనిపించింది. తర్వాత నేల మీది టెలిస్కోపులతో దాని వెలుగును విడదీసి చూసినారు, మన వైపు వచ్చేటప్పుడు ఆ రంగుల్లో కనిపించే నల్ల గీతలు నీలం వైపు, దూరం పోయేటప్పుడు ఎరుపు వైపు జరుగుతాయి, దాన్నిబట్టి వేగం తెలుస్తాది. 186 రోజులకి ఒక చుట్టు. చుట్టు ఎంత పెద్దది, ఎన్ని రోజులు పడుతోంది అని తెలిస్తే అవతల ఉన్నదాని బరువు లెక్క కట్టొచ్చు, అది దాదాపు 9.6 సూర్యుళ్లు అని తేలింది. నాకు ఒళ్లు జలదరించేది ఇక్కడే, అంత బరువున్న మామూలు నక్షత్రమైతే సూర్యుడికి వేల రెట్లు వెలగాల, పక్కనున్న దాన్ని ముంచేయాల, కానీ అక్కడ ఏ వెలుగూ లేదు!

టీవీల్లో బ్లాక్ హోల్ అన్నిట్నీ పీల్చేస్తాదని భయపెడతారు, అది నాకు అస్సలు నచ్చదు. ఈ నక్షత్రం హాయిగా తన దోవన తను తిరుగుతానే ఉంది కదా. సూర్యుడి చోట అంతే బరువున్న బ్లాక్ హోల్ పెట్టినా భూమి ఇప్పటి దారిలోనే తిరుగుతాది (చలికి మనం బతకం, అది వేరే సంగతి).

ఇంకో ఆశ్చర్యం, 1783లోనే జాన్ మిచెల్ అనే ఇంగ్లండు పాదిరీ, వెలుగును కూడా బయటికి పోనీయని నక్షత్రాలు ఉండొచ్చని, వాటి చుట్టూ తిరిగే వెలిగే నక్షత్రాల కదలికను బట్టి అవి ఉన్నట్టు తెలుసుకోవచ్చని రాసినాడు. టెలిస్కోపుకు ఫోటో తీయడం కూడా రాని కాలం అది!

చివరికి పిల్లకి శ్రవణం చుక్క చూపించినా. 2024లో ప్రకటించిన గయా BH3 అనే ఇంకో బ్లాక్ హోల్ ఆ చుక్క ఉండే గరుడ రాశి అనే చుక్కల గుంపులోనే ఉంది, 33 సూర్యుళ్ల బరువు, పక్కనున్న నక్షత్రం ఉత్త కంటికి ఆనదు, ఒక చుట్టుకి 11.6 ఏండ్లు. పిల్ల వేళ్ల మీద లెక్కపెట్టుకుని "అయితే అది ఒక చుట్టు తిరిగొచ్చే సరికి నాకు ఇరవై దాటతాయి" అనింది, కరెంటు వచ్చినా కిందికి దిగలేదు.