450 పంపు పెట్టినా 5,500 దగ్గర అదే పతనం: ఎస్టీఐ లాగ్, నాలుగో వారం

దొరికింది! 5,500 ఆర్పీఎం దాటగానే ఇంధనం ప్రెషర్ ఎందుకు పడిపోతోందో కనుక్కోవడానికి నాలుగు వారాంతాలు పట్టింది. వెనక సీటు మూడుసార్లు విప్పాను, డైనోకి (కారుని రోలర్ల మీద నడిపి పవర్ కొలిచే యంత్రం) రెండుసార్లు డబ్బు కట్టాను. ఇవాళ మధ్యాహ్నం గ్యారేజీలో సబ్బునీళ్ల నురగలోంచి బుడగ లేవగానే గట్టిగా అరిచేశాను. ఏదో అంటుకుందనుకుని మా ఆవిడ లోపల్నుంచి పరిగెత్తుకొచ్చింది.

ముందు కారు సంగతి. 2007 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్ ఎస్టీఐ, 2.5 లీటర్ల ఈజే257 ఇంజిను, కంపెనీ నుంచి వచ్చినప్పుడు 293 హార్స్‌పవర్. ఇప్పుడు 19 పీఎస్ఐ బూస్టు (టర్బో ఇంజినులోకి అదనంగా నెట్టే గాలి ప్రెషర్), 1000 సీసీ ఇంజెక్టర్లు, ఇ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన పెట్రోలు) మీద నడుస్తోంది. ఇక్కడ అమెరికాలో బంకు మీద ఇ85 అని రాసి ఉన్నా అందులో ఇథనాల్ 51 నుంచి 83 శాతం మధ్య ఎంతైనా ఉండొచ్చు. నా సెన్సార్ ఈ నెలంతా 68 చూపిస్తోంది. అంటే అదే పవర్‌కి మామూలు పెట్రోలు కంటే పావు వంతు పైనే ఎక్కువ ఇంధనం పొయ్యాలి. పాత ఓనరు పెట్టిన ఇంధనం పంపు, వాల్బ్రో 255 (గంటకి 255 లీటర్లది), ఆ భారం మొయ్యలేక 5,500 ఆర్పీఎం దాటగానే చేతులెత్తేసేది. అందుకే 450 కొన్నాను, వాల్బ్రోదే, ఎఫ్90000267. ఈ పంపుకి నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి. పదిహేను డాలర్లు ఆదా అవుతాయని ఎవరో తెలియని అమ్మకందారు దగ్గర కొనొద్దు, అధీకృత డీలరు దగ్గరే కొనండి. శబ్దం తక్కువగా ఉండాలంటే ఏఈఎం 340 మేలు. అది మా ఫ్రెండు కారులో విన్నాను, అసలు నడుస్తోందో లేదో తెలియదు. 450 మాత్రం వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి గుంయ్‌మని వినిపిస్తూనే ఉంటుంది. నాకది ఇష్టమే.

బిగించడం గంటన్నరలో అయిపోయింది.

అసలు గొడవ డైనో మీద మొదలైంది. ఇంధనం ప్రెషర్‌ని పట్టి ఉంచి, మిగిలిన ఇంధనాన్ని రిటర్న్ గొట్టంలో ట్యాంకుకి పంపేది రెగ్యులేటర్. ఈ కారులో దాని బేస్ ప్రెషర్ (బూస్టు, వ్యాక్యూమ్ లేనప్పటిది) 43.5 పీఎస్ఐ. బూస్టు ఒక పీఎస్ఐ పెరిగితే ఇంధనం ప్రెషరూ ఒకటి పెరగాలి. కాబట్టి 19 బూస్టు దగ్గర నాకు 62.5 కనిపించాలి. ఐడిల్‌లో 34, వ్యాక్యూమ్ గొట్టం పీకితే 43.5, రెండూ గీత గీసినట్టు వచ్చాయి. నాలుగో గేర్‌లో లాగితే 3,500 దగ్గర 62, 4,500 దగ్గర 62. చాలా సంతోషంగా ఉంది. 5,200 దగ్గర 60. 5,800 దగ్గర 54. 6,300 దగ్గర 49, అక్కడ కాలు తీసేశాను. పాత 255తో అదే చోట 47 వచ్చేది. కాగితం మీద దాదాపు రెట్టింపు పంపు పెడితే నాకు దక్కింది రెండు పీఎస్ఐ!

49 అంటే ఏమిటో లెక్క వేస్తే ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంజెక్టర్ ముందు 49, వెనక మానిఫోల్డులో 19. అంటే ఇంజెక్టర్‌కి దక్కిన తేడా 30 మాత్రమే, ఉండాల్సింది 43.5. ఫ్లో ఆ తేడాకి వర్గమూలంగా మారుతుంది కాబట్టి ఇంధనం 17 శాతం తక్కువ పడుతోంది. ల్యాంబ్డా (గాలికీ ఇంధనానికీ నిష్పత్తి, పెరిగితే ఇంధనం తక్కువని) 0.78 అడిగితే 0.93 వచ్చింది. ఇథనాల్ కాబట్టి బతికిపోయింది. మామూలు పెట్రోలు మీద ఆ బూస్టుతో 0.93 అంటే పిస్టను రింగుల మధ్య గోడలు ఎగిరిపోవడానికి ఒక్క పుల్ చాలు.

మొదటి అనుమానం వోల్టేజీ. ఇక్కడ ఒక టెస్టు చెప్తాను, డైనో ఖర్చు లేకుండా ఇంట్లోనే చేసుకోవచ్చు. ఇంజిను ఆపి, బ్యాటరీకి పెద్ద ఛార్జర్ తగిలించి 13.8 వోల్టుల దగ్గర నిలబెట్టాను. పంపుని జంపర్‌తో నేరుగా ఆన్ చేశాను. రెగ్యులేటర్ వ్యాక్యూమ్ నిపుల్‌కి సైకిల్ పంపు, టీ ముక్క, చిన్న గేజి తగిలించి 19 పీఎస్ఐ గాలి కొట్టి ఉంచాను. అప్పుడు రెగ్యులేటర్ బూస్టులో ఉన్నాననుకుని రైలుని (ఇంజెక్టర్లకి ఇంధనం పంచే గొట్టం) 62.5 దగ్గర పట్టుకుంటుంది. రిటర్న్ గొట్టాన్ని కొలత గీతలున్న క్యానులోకి వదిలి సరిగ్గా 30 సెకన్లు కొలవాలి. గ్యారేజీ తలుపు పూర్తిగా ఎత్తి ఉంచండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి, ఛార్జర్ దూరంగా ఉండాలి, క్యానుకి ఎర్త్ వైరు తగిలించాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా ఈ పని మొదలుపెట్టొద్దు.

ఆ ప్రెషర్ దగ్గర ఈ పంపు గంటకి 400 లీటర్లయినా ఇవ్వాలి, అంటే అర నిమిషంలో 3.3 లీటర్ల పైన. నాకు వచ్చింది 0.8 లీటరు. గంటకి 96. క్యాను అడుగు తడిసినట్టుంది అంతే. తప్పు కొలిచానేమోనని మూడుసార్లు చేశాను: 0.8, 0.8, 0.85.

అదే సమయంలో పంపు కనెక్టర్ దగ్గర మీటరు పెడితే 11.2 వోల్టులు. బ్యాటరీ నుంచి పంపు దాకా వచ్చేసరికి 2.6 వోల్టులు మాయం. పంపు ఆ ప్రెషర్ దగ్గర 15 ఆంపుల దాకా లాగుతోంది, కంపెనీ వైరింగు అంతకి పుట్టింది కాదు. పైగా ఈ కార్లలో పంపుకి ముందు ఒక కంట్రోలర్ ఉంటుంది, అవసరాన్ని బట్టి 33, 66, 100 శాతాల్లో నడిపిస్తుంది. దాని మీద 15 ఆంపులు నిరంతరం తొయ్యడం నాకు నచ్చలేదు. బ్యాటరీ నుంచి 10 గేజ్ వైరు, బ్యాటరీ పక్కనే 30 ఆంపుల ఫ్యూజు, సీటు కింద 40 ఆంపుల రిలే. రిలేకి ట్రిగ్గర్ మాత్రం కంపెనీ పంపు రిలే అవుట్‌పుట్ నుంచే తీసుకున్నాను. ఇగ్నిషన్ నుంచి తీసుకునేవాళ్లని చూశాను, అది పెద్ద తప్పు. యాక్సిడెంటై ఇంజిను ఆగిపోతే పంపు కూడా ఆగాలి. కంట్రోలర్ తర్వాత తీసుకున్నా తప్పే, అది పల్సుల్లో ఇస్తుంది కాబట్టి రిలే కొట్టుకుంటుంది.

ఈ పనంతా అయ్యాక కనెక్టర్ దగ్గర 13.4. క్యానులో 1.3 లీటర్లు, గంటకి 156. పెరిగింది, కానీ ఇంకా సగానికి సగం లేదు. అయినా ఆశతో రెండోసారి డైనోకి వెళ్లాను. 6,300 దగ్గర 55. ఇంధనం ఇంకా 9 శాతం తక్కువే.

తర్వాతి శనివారం ఫిల్టర్ కొత్తది వేశాను. తేడా లేదు. పంపు అడుగున ఉండే జాలీ నలిగి మూసుకుపోయిందేమోనని పంపు ఉండే బుట్టని ట్యాంకులోంచి పైకి తీసి చూశాను, పువ్వులా ఉంది. అప్పుడు నేను చూడాల్సింది నా కళ్ల ముందే ఉంది. జాలీ కోసం తీశాను కాబట్టి జాలీనే చూసి మళ్లీ దించేశాను.

దారి చూపించింది రెండు చిన్న విషయాలు. ఒకటి, రిటర్న్ గొట్టాన్ని మెత్తటి క్లాంపుతో ఒక్క క్షణం నొక్కి పట్టాను. పంపు బాగుంటే ప్రెషర్ 80 దాటి ఎగరాలి, నాది 71 దగ్గర ఆగి అక్కడే వణుకుతోంది. వెనక్కి దారి మూసేశాక కూడా ఇంధనం ఎక్కడికో పోతోందన్నమాట. రెండోది మా తమ్ముడు లాంటి కుర్రాడు, గుంటూరు వాడు, గేజి పట్టుకోవడానికి వచ్చినప్పుడు అడిగిన ప్రశ్న. “అన్నా, కీ ఆపాక ముల్లు అంత స్పీడుగా పడాలా?” వాచీ పెట్టి చూస్తే 43 నుంచి సున్నాకి 8 సెకన్లు. పొద్దున్నే స్టార్టు చేస్తే రెండు మూడు సెకన్లు ఎక్కువ తిరగడం నేనూ గమనించాను, కొత్త పంపు చెక్ వాల్వు (ఇంధనం వెనక్కి జారకుండా ఆపేది) అలా ఉంటుందిలే అనుకున్నాను. కానీ చెక్ వాల్వు ఉండేది పంపు మూతిలో, పంపు నడుస్తుండగా ఇంధనం పోవడానికి అది కారణం కాదు. రైలు వైపు ఇంజెక్టర్లు కారడం లేదు, రెగ్యులేటర్ రిటర్న్ పొడిగా ఉంది. మిగిలింది పంపు మూతికీ ట్యాంకు మూతకీ (సీటు కింద పంపు వేలాడే ప్లేటు) మధ్య ఉన్న గొట్టం ఒక్కటే. అది కారితే ట్యాంకులోకే కారుతుంది. వాసన రాదు, నేల మీద చుక్క పడదు.

ఇవాళ మూడోసారి పైకి తీశాను. పూర్తిగా ఆరనిచ్చి, అవుట్‌లెట్ నిపుల్‌కి కంప్రెసర్ గాలి పెట్టి, గొట్టం మీద సబ్బునీళ్లు పోశాను. 20 పీఎస్ఐ దగ్గర పై క్లాంపు కింద ఆవగింజంత బుడగ, అలా కూర్చుంది. 35 దగ్గర బుడగలు వరస కట్టాయి. 50 దగ్గర గొట్టం పెదవి విచ్చుకున్నట్టు తెరుచుకుని సుయ్‌మని గాలి నా చేతి మీద కొట్టింది. గాలి తగ్గిస్తే మళ్లీ మూసుకుంది. ఐడిల్‌లో అన్నీ సరిగ్గా ఉండి బూస్టులో మాత్రమే ఎందుకు పడిపోయేదో అక్కడే అర్థమైంది. ప్రెషర్ పెరిగేకొద్దీ చిల్లు పెద్దదవుతోంది. పంపుకి వోల్టేజీ పెంచితే ఆ లాభంలో సగం ఈ చిల్లే తినేసింది.

గొట్టం కోసి చూశాను. కొన్నప్పుడు బయటి వ్యాసం 14 మిల్లీమీటర్లు, ఇప్పుడు 17. వేలితో నొక్కితే ఉడికిన వంకాయలా మెత్తగా దిగిపోతోంది. దాని మీద ముద్ర ఇంకా చదవొచ్చు: ఎస్ఏఈ జె30 ఆర్9. తప్పు అక్కడే ఉంది. ఆర్9 ఇంజెక్షను గొట్టమే, లోపల ఇంజెక్షను ప్రెషర్‌ని తట్టుకుంటుంది, కానీ దాని బయటి తొడుగు ఇంధనంలో మునిగి ఉండటానికి చేసింది కాదు. ట్యాంకులో మునగాల్సింది ఆర్10. నేను కొన్న ఫిట్టింగ్ కిట్‌లో వచ్చిన గొట్టాన్ని చదవకుండా వాడాను. మూడు వారాలు ఇ85లో నాని ఉబ్బింది, ఉబ్బిన రబ్బరుని పళ్లున్న స్క్రూ క్లాంపు కోసింది, 9 మిల్లీమీటర్ల చీలిక. ఆర్10 అడుగు ఇరవై డాలర్ల పైనే ఉంటుంది, నాకు కావాల్సింది అరడుగు లోపే. పళ్ల క్లాంపులు ట్యాంకులోకి ఇక వెళ్లవు. అంచులు మడిచిన ఇంజెక్షను క్లాంపులే, అటు ఒకటి ఇటు ఒకటి.

కొత్త గొట్టంతో 30 సెకన్లకి 3.4 లీటర్లు.

సాయంత్రం విజయవాడ నుంచి మా బావ ఫోను చేస్తే ఇదంతా చెప్పాను. ఆయన 2004 నాటి కారు ఇంకా నడుపుతున్నారు, అక్కడ బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్. “బావా, ఇంధనం గొట్టాలు ఒకసారి చేత్తో నొక్కి చూపించుకో, మెత్తబడితే మార్పించెయ్, ముద్ర చదివి కొను” అన్నాను. 20 శాతానికీ నా 68కీ పోలిక లేదు, కానీ ఇరవై ఏళ్ల రబ్బరు ఇరవై ఏళ్ల రబ్బరే.

ఇప్పుడు కొత్త తలనొప్పి. కంట్రోలర్‌ని దాటేసి పంపుని ఎప్పుడూ పూర్తి వోల్టేజీ మీద నడుపుతున్నాను కదా, చీలిక పోయాక ఆ 400 లీటర్లూ రెగ్యులేటర్ మీదే పడుతున్నాయి. ఐడిల్‌లో 34 ఉండాల్సింది 38 చూపిస్తోంది. కంపెనీ రెగ్యులేటర్, సన్నటి రిటర్న్ లైను అంత ఇంధనాన్ని వెనక్కి పంపలేకపోతున్నాయి. ట్యూనులో (ఇంజిను కంప్యూటర్ సెట్టింగుల్లో) సర్దొచ్చు, కానీ నాకది అతుకేసినట్టుంటుంది. ఇంకోటి, ఈ జులై ఎండలో డాలస్ ట్రాఫిక్‌లో అరగంట నిలబడితే అంత ఇంధనం ఇంజిను వేడి తగిలి ట్యాంకుకి తిరిగొస్తుంది. పావు ట్యాంకు కంటే తక్కువున్నప్పుడు అది ఎంత వేడెక్కుతుందో కొలవాలి. ట్యాంకు మూత మీది కనెక్టర్ పిన్నుల దగ్గర కూడా 0.4 వోల్టు పోతోంది, చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. దానికి మందపాటి స్టడ్ల కనెక్టర్ వెయ్యాలి.

వచ్చే శనివారం పొద్దున పదింటికి డైనో బుక్ చేశాను. అక్కడ 6,300 దగ్గర 62 నిలబడితే అడ్జస్టబుల్ రెగ్యులేటర్‌కి ఆర్డరు పెడతాను, మందం రిటర్న్ లైను కూడా దాంతోనే. రిలే తీసేసి, కంపెనీ కంట్రోలర్ సిగ్నల్‌తోనే నడిచే సాలిడ్ స్టేట్ రిలే (కదిలే భాగాల్లేని ఎలక్ట్రానిక్ స్విచ్చి) వేస్తే ఐడిల్‌లో పంపు మళ్లీ 33 శాతానికి దిగుతుంది, శబ్దం, వేడి రెండూ తగ్గుతాయి. వైరింగు బొమ్మ గీశాను, 15 ఆంపులకి హీట్ సింకు ఎంత కావాలో లెక్క చూస్తున్నాను.