నడిపించే ముందు నిలబెట్టండి

పక్షవాతం వచ్చిన మనిషి మళ్లీ ఎప్పుడు నడుస్తాడా అని ఇంట్లో అందరికీ ఆత్రం. ఆ ఆత్రంలో ఇద్దరు చెరో చంకలో చెయ్యి వేసి లేపి, గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడిపిస్తారు. చూడ్డానికి నడకలాగే ఉంటుంది. కానీ బరువంతా బాగున్న కాలి మీద, పట్టుకున్నవాళ్ల చేతుల మీద పడుతుంది. పడిపోయిన కాలు వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. పదే పదే ఏది చేయిస్తే మెదడు అదే నేర్చుకుంటుంది కాబట్టి, ఇక్కడ అది నేర్చుకునేది ఈడ్చడమే. పైగా ఆ వైపు భుజం కీలును పట్టి ఉంచే కండరాలు అప్పటికే వదులైపోయి ఉంటాయి. చంక పట్టి ఎత్తినా, చెయ్యి పట్టి లాగినా కీలు జారి, నెలల తరబడి నొప్పి పెడుతుంది. దయచేసి చంకలు వదిలేయండి. నడుముకు గట్టి బెల్టు కట్టి దాన్ని పట్టుకోండి.

తొందర విషయంలో ఇంకో మాట. పక్షవాతం రోగుల మీద చేసి 2015లో వెలువరించిన ఏవర్ట్ అనే అధ్యయనంలో, జబ్బు వచ్చిన 24 గంటల్లోపే మొదలుపెట్టి ఎక్కువసార్లు, ఎక్కువసేపు లేపి తిప్పినవాళ్లు మూడు నెలలకు మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లకన్నా కాస్త వెనకబడ్డారు. డాక్టరు సరేనన్నాక కొద్దికొద్దిసేపే లేపండి. మొదటి రోజుల్లో పడుకున్నప్పుడు ఒకసారి, నిలబడ్డాక మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూడండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే కూర్చోబెట్టేసి డాక్టరుకు చెప్పండి.

నడకకు అసలు పునాది కుర్చీలోంచి లేవడం. మోకాలి ఎత్తుకన్నా కాస్త ఎక్కువ ఎత్తున్న, కదలని కుర్చీ కావాలి. మనిషిని ముందుకు జరిపి అంచున కూర్చోబెట్టండి. మడమలు మోకాళ్లకన్నా కొంచెం వెనక్కి ఉండాలి, అందులోనూ పడిపోయిన కాలు రెండోదానికన్నా నాలుగు వేళ్లు వెనక్కి. ఇదే కీలకం. వదిలేస్తే అందరూ ఆ కాలిని ముందుకు చాపి, రెండో కాలి బలంతోనే లేచేస్తారు. ఇప్పుడు ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా వంగమనండి, అప్పుడే పిర్రలు పైకి లేవాలి. వంగకుండా లేవబోతే వెనక్కి పడతారు. కూర్చునేటప్పుడు ధబేలున కూలబడకుండా, మూడు అంకెలు లెక్కపెడుతూ దిగాలి. అయిదేసి చొప్పున రోజుకు నాలుగైదు విడతలతో మొదలుపెట్టి, తేలికయ్యాక కుర్చీ ఎత్తు తగ్గించండి.

బరువు నిజంగా పడిపోయిన కాలి మీద పడుతోందా అన్నది కంటికి తెలియదు. రెండు బరువు చూసే మిషన్లు పక్కపక్కన పెట్టి, ఒక్కో పాదం ఒక్కోదాని మీద ఉంచి నిలబెట్టండి. 60 కిలోల మనిషికి చెరో 30 చూపాలి. మొదట్లో పడిపోయిన వైపు 15 చూపినా కంగారు పడకండి. ఆ అంకె పెరుగుతుంటే నడక దగ్గరపడుతున్నట్టే.

అడుగులు మొదలయ్యాక ఎక్కువగా కనబడే తప్పు, కాలిని కొడవలిలా పక్కనుంచి తిప్పి వేయడం. మోకాలు మడవక, పాదం వేళ్లు కిందికి వేలాడి నేలకు తగులుతాయి కాబట్టి మనిషి అలా తప్పించుకుంటాడు. "కాలు ఎత్తు, ఎత్తు" అని అరిస్తే తుంటిని ఇంకా పైకి లాగుతాడు తప్ప లాభం లేదు. పాదం వేలాడకుండా పట్టి ఉంచే ఏఎఫ్ఓ అనే తొడుగు అవసరమేమో ఫిజియోథెరపిస్టును అడగండి. అది తీశాక చర్మం మీద ఎర్రటి మచ్చ అరగంటైనా పోకపోతే సరిచేయించాలి. స్పర్శ తగ్గిన పాదానికి పుండు పడినా తెలియదు. రెండో తప్పు, నిలబడగానే మోకాలు వెనక్కి విరిగినట్టు వంగడం. కాలు గట్టిపడిందని మురిసిపోకండి. తొడ కండరం బలం చాలకో, పిక్క బిగుసుకుపోయో అలా అవుతుంది, కాలం గడిస్తే కీలు అరుగుతుంది.

చేతికర్ర బాగున్న చేతిలోనే ఉండాలి. చెప్పులు వేసుకుని నిలబడి చెయ్యి వదిలేస్తే కర్ర పిడి మణికట్టు ముడత దగ్గరికి రావాలి. ముందు కర్ర, తర్వాత పడిపోయిన కాలు, ఆపైన బాగున్న కాలు. మెట్లు ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. సాయం చేసేవాళ్లు పడిపోయిన వైపు, అర అడుగు వెనకగా నిలబడాలి. నడుస్తుండగా కబుర్లు పెట్టకండి. మాట మీదికి ధ్యాస పోతే అడుగు తడబడుతుంది.

ఖరీదైన యంత్రం లేదని దిగులు పడేవాళ్లకు: 408 మందితో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, బెల్టులతో వేలాడదీసి ట్రెడ్‌మిల్ మీద నడిపించినవాళ్లు, ఇంట్లో ఫిజియోథెరపిస్టు వ్యాయామాలు చేయించినవాళ్లు ఏడాది తర్వాత సమానంగానే ఉన్నారు.

ఎంత మెరుగైందో రెండు వారాలకోసారి కొలవండి. 14 మీటర్ల దారిలో మొదటి రెండు, చివరి రెండు మీటర్లు వదిలేసి, మధ్య 10 మీటర్లకు పట్టిన సెకన్లు రాసుకోండి. 25 సెకన్లు దాటితే ఇంకా ఇంటిపట్టు నడకే. పన్నెండున్నర లోపు వస్తే బయట తిరగగల వేగం. ప్రతిసారీ అదే కర్ర, అవే చెప్పులు.