కొండకూ కుర్చీకీ మధ్య ఒక మంగళవారం

ఈ ఉదయం ఆఫీసు మెట్లు ఎక్కడంలో ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడే తొడలు అడుగడుగునా మొరాయించాయి. ఆదివారం ఎక్కిన కొండ తాలూకు నొప్పి సరిగ్గా ఇవాళ్టికి ముదిరింది. ఎక్కుతున్నంతసేపూ రొప్పుతాం కాబట్టి కష్టమంతా ఎక్కడంలోనే ఉందనుకుంటాం. కానీ కండరాలకు గట్టి పరీక్ష పెట్టేది దిగుడే. దిగేటప్పుడు శరీరం బరువును ఆపుతూనే తొడ కండరం సాగుతుంది, ఆ సాగుడులో దాని పోగులు సూక్ష్మంగా దెబ్బతింటాయి. నొప్పి అప్పటికప్పుడు తెలియదు, ఒకటి రెండు రోజులాగి బయటపడుతుంది. ఒకసారి మానాక మాత్రం అదే దిగుడును అదే కండరం చాలా తేలిగ్గా తట్టుకుంటుంది. అందుకే ఈ నొప్పంటే నాకు విసుగు లేదు. కొండ నా ఒంట్లో ఇంకా పనిచేస్తూనే ఉందన్న సంతోషం ఉంది.

పొద్దుటి పని, వచ్చే మూడు నెలల ప్రణాళికను సరిచూడడం. నా చేతికి వచ్చిన ముసాయిదాలో ప్రతి పనికీ ఎదురుగా ఇన్ని రోజులని రాసి ఉంది. చూస్తుండగానే నైస్మిత్ లెక్క గుర్తొచ్చింది. విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన సూత్రమది. ఇప్పటి కొలతల్లో చెబితే, నడకకు గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు అదనంగా ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్ల దారి చదునుగా ఉంటే రెండు గంటలు, అందులో 600 మీటర్ల ఎత్తుంటే మూడు గంటలు. విశ్రాంతికీ వానకూ బురదకూ ఇందులో చోటు లేదు, అవి మనమే కలుపుకోవాలి. కొండకు వెళ్లేవాళ్లు పటంలో దూరం చూసి ఊరుకోరు, ఎత్తును చూపే గీతలు ఎంత దగ్గరగా ఉన్నాయో కూడా చూస్తారు, దగ్గరైతే దారి అంత నిటారు.

మా ముసాయిదాలో ఉన్నదంతా దూరమే, ఎత్తు ఎక్కడా లేదు. అనుమతి కోసం మూడు బల్లలు దాటాల్సిన కాగితానికీ, ఒకరే కూర్చుని ముగించే కాగితానికీ ఒకే గడువు ఇచ్చారు. కొత్తగా చేరిన మనిషి పని నేర్చుకునే కాలం అసలు లెక్కలోనే లేదు. పక్కన ఇంకో వరస గీసి, ప్రతి పనికీ దాని ఎత్తెంతో రాస్తూ పోయాను. అన్నీ కలిపితే మూడు నెలల పని నాలుగు నెలలకు చేరింది. ఈ సంఖ్య పైవాళ్లకు నచ్చకపోవచ్చు. అయినా పంపాను. చీకటి పడ్డాక కొండ మీద చిక్కుకోవడం కన్నా బయలుదేరకముందే పొద్దు చాలదని చెప్పడం నయం.

మధ్యాహ్నం భోజనాల దగ్గర నా నడక చూసి పక్క విభాగంలో పనిచేసే ఆవిడ అడిగారు: "వారమంతా పనిచేసి, సెలవు రోజున కూడా ఇంత అలసిపోవడం ఎందుకండీ?"

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. అది రెండు వేర్వేరు అలసటలని మాత్రం అన్నాను. ఆ మాట నిజమే గానీ సరిపోదని తర్వాత అనిపించింది. 1953 మే 29న ఎవరెస్టు శిఖరం మీద నిలబడిన ఇద్దరినీ తలచుకున్నాను. ఎడ్మండ్ హిల్లరీ న్యూజిలాండ్‌లో తేనెటీగలు పెంచేవాడు. ఆ పని వేసవిలో ఎక్కువ, చలికాలంలో తక్కువ కాబట్టి కొండలకు తీరిక దొరికేది. టెన్జింగ్ నార్గే సంగతి వేరు. 1935లో ఎవరెస్టు యాత్రకు ఆయన వెళ్లింది కూలికి బరువులు మోయడానికి. ఒకరికి పని ముగిశాక వెళ్లే చోటు, ఇంకొకరికి పనిచేసే చోటు. మనం సాహసం అని పిలుచుకునేదాని కింద ఎప్పుడూ ఎవరో ఒకరి జీతం, ఎవరో ఒకరి భుజాల నొప్పి ఉంటాయి. అది గుర్తున్నవాళ్లు ఆఫీసును చెర అనీ కొండను స్వేచ్ఛ అనీ అంత తేలిగ్గా విడదీయరు. నాకూ ఆ విభజన మీద నమ్మకం లేదు.

నిజానికి నాకు పని నుంచి పారిపోవడానికి కొండ పనికిరాదు. పని నాతోపాటే వస్తుంది. వారం రోజులుగా ఒక నివేదిక ఎక్కడ మొదలుపెట్టాలో తేలక ఆగిపోయింది. ఆదివారం సగం దారిలో, రాళ్ల మధ్య అడుగు ఎక్కడ వేయాలో తప్ప ఇంకేమీ ఆలోచించని సమయంలో, చివరి అధ్యాయమే ముందుకు రావాలని తట్టింది. నిన్న కూర్చుని రాసి చూస్తే సగం నిలబడింది, సగం నిలబడలేదు. నిలబడిన సగం చాలా విలువైనది.

ఇలాంటప్పుడు నాకు లీజ మైట్నర్ గుర్తొస్తుంది. 1938 క్రిస్మస్ రోజులు. నాజీ జర్మనీ విడిచి స్వీడన్ చేరుకున్న ఆ భౌతిక శాస్త్రవేత్తకు బెర్లిన్ నుంచి పాత సహచరుడు ఓటో హాన్ ఉత్తరం రాశాడు. యురేనియం మీద న్యూట్రాన్లు ప్రయోగిస్తే దానికన్నా చాలా తేలికైన బేరియం కనిపిస్తోందని, ఎలాగో అర్థం కావడం లేదని. ఆమె, ఆమె అక్క కొడుకు ఓటో ఫ్రిష్ మంచులో బయలుదేరారు. అతను స్కీల మీద, ఆమె కాలినడకన. మాట్లాడుకుంటూ పోతుండగా యురేనియం పరమాణువు కేంద్రకం రెండుగా చీలి ఉండవచ్చన్న ఆలోచన రూపు కట్టింది. అప్పుడు వాళ్లు నడక ఆపారు. ఒక దుంగ మీద కూర్చుని కాగితం ముక్కల మీద లెక్క వేశారు. చీలిక వల్ల వెలువడే శక్తి సుమారు 20 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. చీలికలో తగ్గిపోయిన ద్రవ్యరాశికీ ఆ శక్తికీ లెక్క కుదిరింది.

ఈ కథ చెప్పేవాళ్లు నడకను తలచుకుంటారు, దుంగను మరిచిపోతారు. ఆ నడకకు వెనుక ఆమె ప్రయోగశాలల్లో గడిపిన దశాబ్దాలున్నాయి, చివర్న కూర్చుని వేసిన లెక్క ఉంది. 2014లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ప్రచురించిన ప్రయోగాల్లోనూ ఇలాంటిదే తేలింది. కూర్చున్నవాళ్ల కంటే నడుస్తున్నవాళ్లకు కొత్త ఆలోచనలు ఎక్కువ తట్టాయి, ఖాళీ గోడ ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా సరే. కానీ ఒకే ఒక్క సరైన జవాబును వెతికి పట్టుకోవాల్సిన పరీక్షలో నడిచేవాళ్లు కొంచెం వెనకబడ్డారు. ఈ రెండో ఫలితం నాకు మొదటిదానికంటే ఎక్కువ నచ్చింది. కుర్చీకి కూడా న్యాయం చేసింది కాబట్టి.

సాయంత్రం నాలుగింటికి నివేదికలో నిలబడని సగాన్ని మళ్లీ తీశాను. ఈసారి లేచి తిరగలేదు. ప్రతి అంకెనూ మూలంతో పోల్చి, పొసగని రెండు పేరాలు తీసేశాను. ఆరింటికల్లా ఒక కొలిక్కి వచ్చింది. రేపు ఇంకొకరి చేత చదివించాలి.

బయలుదేరుతుంటే మధ్యాహ్నం అడిగిన ఆవిడే మళ్లీ ఎదురయ్యారు. అప్పుడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు కొంత చెప్పాను. ఆదివారం తట్టినదే ఇవాళ చేశానని, కొండ నన్ను పనికి దూరం చేయదని అన్నాను. ఆమె శ్రద్ధగా విని, ఈసారి వెళ్లేటప్పుడు తనకూ చెప్పమన్నారు. తెల్లవారకముందే బయలుదేరాలని, కొత్త బూట్లు వద్దని, బాగా అలవాటైనవే వేసుకోవాలని చెప్పాను. దారి ఎంత దూరమని అడిగారు. దూరంతోపాటు ఎత్తు కూడా చెప్పాను. ఆలోచించి రేపు చెబుతానన్నారు.