పుస్తకం బీరువాలో ఉంది, మనిషి జనరేటర్ దగ్గర ఉన్నాడు

హైదరాబాద్‌లోని సర్వర్ కంప్యూటర్లు నడిచే ఒక డేటా సెంటర్‌లో నేను షిఫ్ట్ ఇంజనీరుగా చేరిన ఏడాదే ఒక రాత్రి కరెంటు పోయింది. సర్వర్ల కరెంటు భారం, అంటే లోడు, కరెంటు పోగానే అందుకునే యూపీఎస్ బ్యాటరీల మీదికి వచ్చింది. జనరేటర్ మాత్రం స్టార్ట్ కాలేదు. బ్యాటరీలు ఆగేది పది నిమిషాలే. ఏం చేయాలో రాసిన పుస్తకం ఇంగ్లీషులో, 40 పేజీలతో, ఆఫీసు బీరువాలో ఉంది. ఆ పుస్తకాన్ని ఎన్నడూ తెరవని మా ఎలక్ట్రీషియన్ జనరేటర్ గదిలోకి పరుగెత్తి, సెలెక్టర్ స్విచ్ ‘ఆఫ్’లో ఉండటం చూసి ‘ఆటో’కి తిప్పాడు; జనరేటర్ అందుకుంది. పగలు సర్వీసింగ్ చేసినవారు దాన్ని అలాగే వదిలేసి వెళ్లారు.

తప్పు ఎవరిదో తేల్చడానికి మరుసటి రోజు మీటింగ్ పెట్టారు. నాకు అది కోపం తెప్పించింది. వారానికి ఒక గంట సిబ్బందితో కూర్చోనివ్వమని అడిగాను.

మొదటి నెల ఎవరూ నోరు విప్పలేదు. ‘‘మీరు చెప్పండి సార్, మేము చేస్తాం’’ అనేవారు. అందుకని నేను చెప్పడం మానేసి, ‘‘ఆ రాత్రి మొదట ఏం చూశావు?’’ అని ఎలక్ట్రీషియన్‌నే అడిగాను. అతను చెప్పిన వరుసలోనే తెలుగులో ఒక పేజీ రాసి ప్యానెల్ తలుపుకు అతికించాం. ఒకరు చదవాలి, మరొకరు స్విచ్‌ను వేలితో చూపి, దాని పేరు పైకి చెప్పి, ఆ తరువాతే తిప్పాలి. జపాన్ రైల్వేలో ఎప్పటినుంచో ఉన్న అలవాటే ఇది. నెలకొకసారి నిజమైన లోడుతో సాధన చేశాం.

కరెంటు ఖర్చు సంగతి ఆ గంటల్లోనే బయటపడింది. సర్వర్లలోకి వెళ్లే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండవచ్చని కూలింగ్ రంగ ఇంజనీర్ల సంఘం ఆష్రే సిఫారసు. మా హాలు మాత్రం భయంతో 20 దగ్గరే ఉండేది. పీయూఈ (మొత్తం కరెంటును సర్వర్లు వాడే కరెంటుతో భాగిస్తే వచ్చే సంఖ్య) 2 ఉంటే, సర్వర్ వాడే ప్రతి యూనిట్‌కూ మరో యూనిట్ చల్లదనానికీ ఇతర అవసరాలకూ పోతుందని లెక్క వేసి చూపించాను. వెంటనే హాలు ఊడ్చే అమ్మ, ‘‘వెనక వరుసలో కూడా నేల చిల్లుల్లోంచి చల్లగాలి వస్తుంది కదయ్యా’’ అంది. వెళ్లి చూస్తే, సర్వర్ల ముందు ఉండాల్సిన చిల్లుల టైల్స్ వాటి వెనక, వేడి గాలి వచ్చే వరుసలో ఉన్నాయి. సర్వర్లు పెట్టే ర్యాకుల్లో ఖాళీ అరలు మూయకపోవడం వల్ల వేడిగాలి మళ్లీ ముందుకే తిరుగుతోంది. సన్నని టిష్యూ కాగితం పట్టుకుని గాలి ఎటు పోతుందో అందరం చూశాం.

టైల్స్ మార్చి, అరలు మూసి, వారానికి ఒక్క డిగ్రీ చొప్పున 24కి తెచ్చాం. ఒక కూలింగ్ యంత్రాన్ని ఆపి స్టాండ్‌బైగా ఉంచగలిగాం.

కొత్తగా చేరినవారికి ఇప్పుడు ఆ ఎలక్ట్రీషియనే నేర్పుతున్నాడు. పోయిన నెల ప్యానెల్ మారినప్పుడు ఏడో మెట్టును తానే తిరగరాశాడు. పాత కాగితం తీసి, కొత్తది నేను అతికించాను.